సాయంత్రం ఐదింటి కంట్రీ మ్యూజిక్

మా కాలేజీ రేడియోలో నేను ఉద్యోగానికి చేరేనాటికి ఆ స్టేషన్ పుట్టి ఇరవై రోజులైంది. స్టేషన్ అంటే పెద్దగా ఏమీ ఊహించుకోవద్దు. మారేడ్‌పల్లిలో ఉన్న ఆ కాలేజీలో ఆటసామాన్ల గది ఖాళీ చేయించి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి పాత పరుపొకటి అడ్డం పెట్టారు. రెండు మైకులు, ఒక కంప్యూటర్, మీటలు పైకీ కిందికీ జరిపే మిక్సర్ పెట్టె ఒకటి. మేడ మీద ఏంటెన్నా. ఒకవైపు మల్కాజ్‌గిరి దాకా, ఇంకోవైపు బేగంపేట దాకా వినిపిస్తుందనేవారు. మా ఇల్లు మల్కాజ్‌గిరిలోనే. మా ఇంట్లో మాత్రం వంటింటి గడప దగ్గర తప్ప ఇంకెక్కడా పలికేది కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

నాన్న ఉద్యోగం మారడంతో మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. నా డిగ్రీ పూర్తయింది. మా చర్చి పాస్టరుగారు ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి ఒక మాట చెప్పారు. ఉద్యోగం పేరు ప్రోగ్రాం అసిస్టెంట్. ఏం చేయాలో చెప్పేలోపే, భార్యకు ఆపరేషనని ప్రిన్సిపాల్‌గారు మద్రాసు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో అన్నింటి కింద ఒక వరస ఉంది: సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు కంట్రీ మ్యూజిక్.

ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అడగడానికి ఆయన లేరు, ఇంకెవరినైనా అడగడానికి సిగ్గు. నాటుకోడిని ఇంగ్లీషులో కంట్రీ చికెన్ అంటారు కాబట్టి కంట్రీ మ్యూజిక్ అంటే పల్లెపాట అయి ఉంటుందని నిర్ణయించుకున్నాను. పైగా ఆ పాట పాడే మనిషి ఎదురుగానే ఉంది.

కాలేజీలో గదులు ఊడ్చే ఆయమ్మ ఒకావిడ ఉండేది. వయసు యాభై దాటింది. సొంతూరు సిద్దిపేట దగ్గర పల్లె. వరండా తుడుస్తూ గొంతులోనే ఏదో పాడుకునేది. ఒకరోజు దగ్గరికెళ్ళి అడిగాను.

“ఆయమ్మా, అదేం పాట?”

“ఏం పాట మేడం, ఉత్తదే. నాట్లేస్తుంటే మా అవ్వ పాడేది.”

“మైకులో పాడతావా?”

“నేనా? అందరు నవ్వుతరు మేడం.”

“నువ్వు ఎవరికీ కనపడవు. గదిలో మనిద్దరమే ఉంటాం.”

ఆమె చీపురు వైపు చూసింది, నా వైపు చూసింది. “అయితే పాడ్త. తలుపు మాత్రం పెట్టుండ్రి.”

అప్పటికింకా విమానాలు బేగంపేటలోనే దిగేవి. పరుపు అడ్డం పెట్టినా ఆ మోత ఆగేది కాదు. మూడుసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగోసారి విమానం వచ్చినా ఆమె ఆపలేదు. పాడుతూనే నాకు చెయ్యి అడ్డంగా ఊపింది, దాని మానాన దాన్ని పోనిమ్మన్నట్టు.

“నారుమడి నిండంగ నీళ్ళొచ్చె నా కొడుకా
నీళ్ళల్ల మబ్బులు నిలబడె నా కొడుకా
ఒడ్డు మీద నువు పండు, ఒక సాలు నాటొస్త
పొద్దు వాలకముందె ఎత్తుకుంట నా కొడుకా.”

ప్రతి చరణం చివర ‘నా కొడుకా’ అనే చోట గొంతు మెట్టు దిగినట్టు దిగి, అక్కడే కాసేపు ఆగేది. నాట్ల పాటలో కొడుకెందుకు వచ్చాడా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఒడ్డున పిల్లల్ని పడుకోబెట్టి నాట్లేస్తారు కదా అని సర్దుకున్నాను.

పది రోజులు ఆమె పాటలే వేశాను. పదకొండో రోజు సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు మద్రాసు నుంచి సరాసరి కాలేజీకి వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ రేడియోలో విన్నారట. చేతిలో సంచీతోనే స్టూడియో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“ఇదేంటమ్మాయ్?”

“కంట్రీ మ్యూజిక్ సార్.”

ఆయన నన్ను తన గదికి తీసుకెళ్ళి, బీరువాలోంచి ఒక పాత రికార్డు తీసి పెట్టారు. గిటార్ మోగింది. ఎవరో తెల్లాయన, ముక్కుతో సగం నోటితో సగం, ఇంటికి దూరమైన బాధంతా ఇంగ్లీషులో చెప్పుకుంటున్నాడు.

“కంట్రీ మ్యూజిక్ అంటే ఇదమ్మా,” అన్నారు.

“మరి అది సార్?” అన్నాను. ఎదురు మాట్లాడాలని కాదు. నిజంగానే అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. “అది కూడా అదే అనుకోవచ్చేమో,” అన్నారు చివరికి. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆయన కుర్రతనంలో లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పక్కన అద్దెగదిలో ఉండేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళలోంచి ఈ పాటలు వినిపించేవి. ఆ ఇళ్ళవాళ్ళలో మిగిలినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళైపోయారు, వాళ్ళ కోసం రోజూ ఒక గంట ఉంచాలని ఆయన ఆశ. అంత చెప్పి కూడా ఆయమ్మ పాటలు ఆపమనలేదు. ఆ గంటను రెండుగా చేశారు. ఐదు నుంచి ఐదున్నర ఆయమ్మ, తర్వాత అరగంట గిటార్. పేరు మాత్రం రెండింటికీ ఒకటే.

వినేవాళ్ళు తికమకపడ్డారు. మల్కాజ్‌గిరి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “మీ దాంట్లో ఇంకో స్టేషన్ కలిసిపోతోందమ్మా, ఎవరికైనా చూపించండి,” అంది. నేను వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, “అదేలే, ఒకసారి చూపించండి,” అని పెట్టేసింది.

గిటార్ అరగంటకు ప్రిన్సిపాల్‌గారు లాలాగూడ నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై ఏళ్ళు. గిటార్ వీపున కట్టుకుని సైకిల్ మీద వచ్చేవారు. తెల్లచొక్కా, డ్యూటీకి వెళ్తున్నట్టు పాలిష్ చేసిన నల్లబూట్లు. నేను అంకుల్ అనేదాన్ని. ఆయన తెలుగు సికింద్రాబాద్ తెలుగు.

“బేటీ, కుర్సీ జెర గట్టిది ఇయ్యి. గిది ఊగుతున్నది,” ఇదీ ఆయన నాతో అన్న మొదటి మాట.

రెండు నెలల పాటు ఆయన సరిగ్గా ఐదూ ఇరవై ఐదుకు వచ్చేవారు. ఆ నాట్ల పాట గంట మొదట్లోనే అయిపోయేది, ఆయన చెవిన పడనే లేదు. ఒకరోజు వర్షం వచ్చేలా ఉందని ముందే బయల్దేరి ఐదింటికల్లా వచ్చారు. వరండాలో మేము ఒక స్పీకర్ పెట్టాం. దాని కింద బెంచీ మీద కూర్చుని బూట్ల మీది బురద కాగితంతో తుడుచుకుంటున్నారు. లోపల నేను ఆ నాట్ల పాట పెట్టాను. రెండో చరణం దాటేసరికి తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఆయనెప్పుడూ అలా వచ్చేవారు కాదు.

“ఈ పాట ఎవరిది?”

“మా ఆయమ్మది అంకుల్.”

“కాదు. ఇది మా మమ్మీది.”

పరాచికం అనుకుని నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగాను. గిటార్ సంచీ విప్పి, తీగలు సవరించి, వాయించారు. అదే పాట. ‘నా కొడుకా’ దగ్గర దిగే మెట్టుతో సహా అదే. ఇంగ్లీషు మాటలు పాడారు. పొద్దుగూకుతోంది, ఏటి ఒడ్డు నుంచి ఇంటికి రమ్మని తల్లి పిల్లాణ్ణి పిలుస్తుంది. అంతే పాట. ఆ రోజు ఆయన అరగంటలో అదే పాడారు. పాట పూర్తయ్యాక తలుపు తీస్తే, గుమ్మంలో ఆయమ్మ చీపురుతో నిలబడి ఉంది.

“గది మా పాటనే గద,” అంది మెల్లగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. నేనెవరి వైపు చూడాలి?

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక రిటైర్డ్ టీచరమ్మ అది చిన్నప్పుడు తమ చర్చిలో పాడిన కీర్తన అంది. బేగంపేట నుంచి ఒకాయన అది గోదావరి పడవవాళ్ళ పాట, మా తాత పాడేవాడు అన్నాడు. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాలుగు పేజీలు నిండాయి. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవలేదు. ప్రిన్సిపాల్‌గారికి చూపిస్తే సంబరపడ్డారు. “మన స్టేషన్ చేయాల్సిన పనే ఇదమ్మా. ఎక్కడిదో కనుక్కో,” అన్నారు. ఎలా కనుక్కోవాలో చెప్పలేదు.

ముందు అంకుల్‌ని అడిగాను. ఆయనకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోయిందట. ఆమెవి ఆయన దగ్గర రెండే ఉన్నాయి. “ఒక ఫోటో, ఒక పాట. ఫోటోల మమ్మీ మొహం సాఫ్ లేదు బేటీ, కదిలింది. పాట ఒక్కటే సాఫ్ ఉన్నది,” అన్నారు.

తర్వాత ఆయమ్మను అడిగాను.

“మా అవ్వ పెండ్లి కాకముందు పట్నంల, లాలాగూడ దిక్కు బంగ్లల పని చేసింది మేడం. పిల్లలను ఎత్తుకునేది.”

అవ్వ అంటే మా వైపు అమ్మమ్మో నాయనమ్మో. ఆయమ్మకు యాభై దాటాయి, వాళ్ళమ్మకు తల్లి, ఆమెకు పెళ్ళి కాకముందు... వేళ్ళ మీద లెక్కేసి, అంకుల్ పుట్టకముందు సంగతని తేల్చేశాను. వెళ్ళి ఆయనకు చెప్పాను కూడా. “మీకూ దానికీ సంబంధం లేదు అంకుల్. ఆవిడ మీకంటే చాలా ముందు.” ఆయన తేలికపడ్డట్టు కనిపించారు.

పది రోజుల తర్వాత మాటల్లో ఆయమ్మ, “మా అవ్వ పోయి ఆరేండ్లాయె,” అంది.

“మీ అమ్మమ్మ అంతకాలం బతికిందా?”

“అమ్మమ్మ గాదు మేడం, అవ్వ. నన్ను కన్న అవ్వ.”

“అవ్వ అంటే అమ్మా?”

“అమ్మనే. ఇంకెవరు?”

నాలుగేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఆ ముక్క నేర్చుకోలేదు. మళ్ళీ లెక్క వేశాను. ఇప్పుడు సంవత్సరాలు సరిగ్గా కలిశాయి. ఏ బంగ్లా అని అడిగాను. రైలు పట్టాల పక్కపొంటి అంది. ఇంట్లో దొరసాని ఎప్పుడూ మంచంలోనే ఉండేదని అవ్వ చెప్పేదట.

ఇది ఆయనకు చెప్పాలా వద్దా? ఇంట్లో అమ్మను అడిగితే, “నీకెందుకే ఈ గొడవ?” అంది. రెండు రోజులు మనసులో పెట్టుకుని మూడో రోజు చెప్పేశాను. తప్పు చెప్పి వదిలేయడం బాగుండదనిపించింది. అంకుల్ విన్నారు. లాలాగూడలో అన్ని బంగ్లాలూ పట్టాల పక్కనే కదా అన్నారు. తర్వాత కాలేజీ ఆఫీసు నుంచి జబల్‌పూర్‌కు ఫోన్ కలపమన్నారు. అక్కడ ఆయన అక్క ఉంది, ఆయనకంటే పదేళ్ళు పెద్ద. నన్ను పక్కనే ఉండమన్నారు. మాట్లాడింది ఇంగ్లీషులో. నాకు ఈయన వైపు మాటలే వినిపించాయి. పాట అన్నారు, మమ్మీ అన్నారు. తర్వాత ఎవరు, ఎవరు అని రెండుసార్లు అడిగారు. ఫోన్ పెట్టేశాక కూడా చెయ్యి దాని మీదే ఉంచారు.

“మమ్మీ నాకు పాడలేదట బేటీ. దగ్గు ఉండె. డాక్టర్ నన్ను దగ్గరికి పోనియ్యలేదట. ఆ ఇంగ్లీషు మాటలు సిస్టరే కట్టిందట, నన్ను నవ్వించనీకె.”

“మరి ట్యూన్ అంకుల్?”

“ట్యూన్ నేనే పాడుతుంటినట. చిన్నగున్నప్పుడు. ఆమె దానికి మాటలు పెట్టింది.”

ఇంత జరిగాక ఆ ట్యూన్ చిన్నపిల్లాడికి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మేమిద్దరం పైకి అనలేదు. ఆయన గిటార్ సంచీ విప్పకుండానే వెళ్ళిపోయారు. ఆ అరగంట నేను రికార్డులు పెట్టాను. కంగారులో ఒకే రికార్డు రెండుసార్లు వేశాను.

మూడు వారాలు ఆయన రాలేదు. నేనేం పాడుచేశానో, అసలు పాడుచేశానో లేదో కూడా నాకు తెలియలేదు. సగం నిజం ఆయన అక్క దగ్గర ముందే ఉంది, ఆయమ్మ దగ్గరున్న సగం నేను తీసుకొచ్చి దాని పక్కన పెట్టాను. దానికే ఒక మనిషి తల్లి పాట పోయింది. ఒకరోజు ఉండబట్టలేక ఆయమ్మకు అంతా చెప్పాను. ఆమె చీపురు గోడకు ఆనించి విన్నది. మర్నాడు పొద్దున నేను రాగానే వచ్చి నిలబడింది.

“మేడం, నేను జెర తప్పు చెప్పిన. అది నాట్ల పాట గాదు. మా అవ్వ బంగ్లలనే నేర్చుకున్నది.”

“ఎవరి దగ్గర?”

“దొరసాని మంచంల ఉండి పాడుతుంటే, మా అవ్వ తలుపు బయట పిల్లగాన్ని ఎత్తుకొని వినేదట. విని అట్లనే పాడి పండుకోబెట్టేది. దొరసాని మాటలు రాకపాయె. మన మాటలు పెట్టుకున్నది.”

“మొన్న అడిగినప్పుడు ఇది చెప్పలేదేం?”

“యాదికి రాలే.”

నేను ఆమె మొహంలోకి చూశాను. మామూలుగానే ఉంది. “ఆ సార్ ఇంటికి తీస్కపోండ్రి. నేనే చెప్త,” అంది.

ఆ ఆదివారం ఇద్దరం లాలాగూడ వెళ్ళాం. ఆయన వరండాలో బూట్లు లేకుండా, చెప్పులతో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి, లోపలి నుంచి కుర్చీలు తనే మోసుకొచ్చారు. ఆయమ్మ కుర్చీలో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చుంది. నాకు చెప్పిందే చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగారు.

“తలుపు బయట అంటే, నేను ఆడ్నే ఉన్ననా?”

“మా అవ్వ సంకల ఉన్నరు.”

“మమ్మీ గొంతు నాకు వినిపించిందా?”

“వినిపియ్యకుంట ఎట్లుంటది సార్? మీ కోసమే గద పాడింది. లోపలికి రానియ్యకపాయె, గొంతన్న రావాలె గద.”

ఆయన తల వంచుకున్నారు. కాసేపటికి మొహం తుడుచుకుని, “మీ అవ్వ పేరేంది?” అన్నారు. ఆమె చెప్పింది. ఆయన ఆ పేరు రెండుసార్లు మెల్లగా అనుకున్నారు, పలకడం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నట్టు. “పేరు సుత మర్చిపోయిన,” అన్నారు. తర్వాత మాకు చాయ్ పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి ఆయమ్మను ‘చెల్లె’ అన్నారు.

మర్నాడు సైకిల్ వచ్చింది. ఆ సోమవారం ఇద్దరూ కలిసి పాడారు. ఆమెది తెలుగు, ఆయనది ఇంగ్లీషు. ఆమె తొందరగా పాడేది, ఆయన సాగదీసేవారు. ఒక చరణం అయ్యేసరికి ఒకరు ఎక్కడో, ఒకరు ఎక్కడో. నేను మీటలు ఎవరిది పెంచాలో ఎవరిది తగ్గించాలో తెలియక రెండూ సమానంగా వదిలేశాను. ‘నా కొడుకా’ దగ్గర మాత్రం ఒకరికోసం ఒకరు ఆగారు.

ప్రోగ్రాం అయ్యాక ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. “కనుక్కున్నావామ్మా?”

“రెండు రకాలుగా కనుక్కున్నాను సార్. అక్కగారు చెప్పిందాన్ని బట్టి తల్లి పాడనే లేదు. ఆయమ్మ చెప్పిందాన్ని బట్టి తల్లే పాడింది. ఏది రాయమంటారు?”

“రెండూ రాయి.”

“రెండూ నిజం ఎలా అవుతాయి సార్?”

ఆయన చాలాసేపు కోడిగుడ్ల అట్టల వైపు చూశారు. “నాకూ తెలియదమ్మా,” అని వెళ్ళిపోయారు.

ఆ ఐదింటి గంట ఇంకా రెండేళ్ళు నడిచింది. ప్రిన్సిపాల్‌గారు రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయన మంచివారే. పిల్లలకు పనికొచ్చేవి వేద్దామని ఆ గంటలో అకౌంటెన్సీ పాఠాలు పెట్టించారు. ఎవరైనా ఫోన్ చేసి గొడవ చేస్తారేమోనని చూశాను. ఎవరూ చేయలేదు. ఇంకో స్టేషన్ కలిసిపోతోందన్న ఆవిడ మాత్రం చేసింది. ఇప్పుడు సరిగ్గా వస్తోందని చెప్పడానికి.

ఆ ఏడాదే జబల్‌పూర్‌లో అక్కను చూసుకునేవాళ్ళు లేక అంకుల్ అక్కడికి వెళ్ళిపోయారు. సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆయమ్మా నేనూ వెళ్ళాం. ఆమె ఒక డబ్బాలో సకినాలు చేసి తెచ్చింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, బండి ఇంకా కదలకముందే డబ్బా మూత తీసి ఒకటి తిన్నారు. గార్డు పచ్చజెండా ఊపుతుంటే తల బయట పెట్టి, సరిగ్గా ఊపుతున్నాడో లేదో చూశారు. బండి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ బస్సులో ఆయమ్మను అడిగాను. అప్పటికి ఆమె నన్ను మేడం అనడం మానేసింది.

“ఆయమ్మా, దొరసాని పాడిందన్న సంగతి నిజమేనా?”

కండక్టర్ టికెట్లు ఇచ్చి వెళ్ళాక అంది. “మా అవ్వ బంగ్ల ముచ్చట్లు శాన చెప్పేది బిడ్డా. ఏది ఆమె చెప్పిందో, ఏది నేను అనుకున్ననో గిప్పుడు చెప్పుమంటే ఎట్ల? నువ్వు ఆ సార్ తక్లీఫ్ చెప్పినవు. ఆ రాత్రి పండుకుంటే గట్లనే యాదికొచ్చింది.”

“యాదికొచ్చిందా, అనుకున్నావా?”

“ఏమో. నువ్వు అన్ని రాసుకున్నవు గద, చూస్కో,” అంది. మెట్టుగూడ రాగానే దిగిపోయింది.

ఆ స్టేషన్ చరిత్ర రాసిమ్మని కాలేజీ వాళ్ళు తర్వాత ఒకసారి అడిగారు. గది కొలతలు రాశాను, మైకుల సంగతి రాశాను. ఐదింటి గంట దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఆమె నాకు మొదట చెప్పిన మాట నమ్మితే ఒక చరిత్ర, తర్వాత చెప్పిన మాట నమ్మితే ఇంకొకటి. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒకసారి ఒకటి చెప్తాను, ఇంకోసారి ఇంకోటి. మొన్న మా అమ్మాయికి ఏది చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు.